ఆయాకు ఎరుపు వచ్చింది

రెండువేల డెబ్బయ్యో సంవత్సరానికల్లా విశాఖలో లోచూపు రంగు చూడకుండా ఎవరూ పిల్లల్ని ఆయా చేతికి ఇవ్వడం లేదు. అదొక ఆన్‌లైన్ పరీక్ష. గోడమీది తెరపై ఇంటివాళ్ల ముఖాలు, పరాయివాళ్ల ముఖాలు చకచకా వస్తాయి. వాటికి మంచి మాటలు, చెడ్డ మాటలు జతపరచాలి. ఏ ముఖానికి మంచి మాట కలపబోతూ వేలు వెనకాడిందో యంత్రం పట్టేస్తుంది. మనసులో ఉన్నట్టు మనకే తెలియని విముఖత ఆ తడబాటులో బయటపడుతుందట. పచ్చ వస్తే నిశ్చింత. ఎరుపు వస్తే ఇక చెప్పేదేముంది.

సుభాషిణి తమ ఆయా సన్యాసమ్మను ఏటా ఆ తెర ముందు కూర్చోబెట్టేది. ఈసారి ఎరుపు వచ్చింది, అదీ ఇంటివాళ్ల మీద. మూడేళ్ల కూతురు మిహిరను ఏ మేడమీంచి తోసేస్తుందో, అన్నంలో ఏం కలుపుతుందోనని సుభాషిణి ఆ పూటే పని మానిపించేసింది. సన్యాసమ్మ చెప్పులు వేసుకుంటూ, "పాపకి సెవిలో సుక్కలేసే ఏళయినాది, మరిసిపోకండమ్మా" అని మాత్రం అంది.

పచ్చరంగు ఆయా ఝాన్సీ వచ్చింది. నెమ్మదస్తురాలే. మిహిర మాత్రం అన్నం ముట్టకుండా తలుపు దగ్గరే కూర్చుని సన్యాసమ్మ ఏదని అడుగుతోంది. పిల్ల చిక్కిపోతుంటే సుభాషిణి తొందరపడ్డానేమోనని చివరికి తెర వెలిగించి లోచూపునే అడిగింది.

"సన్యాసమ్మ పాపకి కీడు చేసేదా?"

"ఎవరేం చేస్తారో నాకు తెలియదు. వేలు ఎక్కడ ఆగిందో అదొక్కటే తెలుసు. పాప ముఖం దగ్గర ఎప్పుడూ ఆగలేదు."

"మరి ఇన్నాళ్లూ ఎలా దాచింది?"

"దాచలేదు. మీ ఇంట్లో చేరినప్పుడు ఆమెలో ఆ తడబాటే లేదు. ఇక్కడికి వచ్చాకే ఏడాదికేడాది పెరిగింది. అదీ ఒక్క మీ ముఖం దగ్గరే."

తనేం చేసింది గనక? ఒక్కనాడు కసురుకోలేదు. పండక్కి చీర పెట్టింది. కాకపోతే పాపకిచ్చే పాలు ముందు ఒక చెంచా సన్యాసమ్మ చేత తాగించి, కాసేపు ఆగి, అప్పుడిచ్చేది. తల్లన్నాక ఆ మాత్రం భయం ఉండదా? చెంచా ఎత్తేటప్పుడు సన్యాసమ్మ ముఖం ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకోబోయింది. రాలేదు. తను ఎప్పుడూ చెంచానే చూసింది.

తిరిగి రమ్మని కబురు పంపింది. వేరే ఇంట్లో పచ్చ వచ్చి కుదిరిపోయానని, పాపని అడిగినట్టు చెప్పమని జవాబొచ్చింది.

ఝాన్సీ వచ్చినప్పట్నుంచీ పాలు సుభాషిణే పట్టింది. ఆ సాయంత్రం మొదటిసారి ఝాన్సీ గ్లాసు తెచ్చింది. ఈ పిల్లనైనా నొప్పించకూడదని సుభాషిణి గట్టిగానే అనుకుంది. అనుకోవడం పూర్తయ్యేలోగానే నోరు జారింది.

"ముందు నువ్వో చెంచా తాగమ్మా."

ఝాన్సీ ఒకసారి ఆమె వైపు చూసి, చెంచా ముంచింది. ఈసారి ముఖమే చూడాలనుకుంది సుభాషిణి. కళ్లు చెంచాని వదల్లేకపోయాయి.