ఆకలి పట్టీ

ఈదమ్మ తన కొడుకు ఎల్లేశును రెక్క పట్టి డాక్టర్ నిరుపమ ముందుకు లాగింది. "ముందు నా కొడుక్కే కట్టు మేడమ్. బస్తీ అంత చూస్తున్నది."

నిజంగానే రాళ్లబస్తీ మొత్తం కమ్యూనిటీ హాల్లో గుమిగూడింది. రేషన్ కోసం లాఠీదెబ్బలు తిన్న ఈదమ్మ మాటంటే వాళ్లకు గురి. ఆమె కట్టిస్తే అందరూ కట్టించుకుంటారు.

నిరుపమ కనిపెట్టిన యంత్రం చిన్నది. మణికట్టుకు రబ్బరు పట్టీ, అందులో ఒక సెన్సర్. కడుపు ఖాళీ అయితే ఒంట్లో షుగర్ పడిపోతుంది, ఆకలి హార్మోన్ పెరుగుతుంది. సెన్సర్ చెమటలోంచే ఆ సంగతి పసిగడుతుంది. ఆకుపచ్చ దీపం ఎర్రబడుతుంది. సిగ్నల్ అందుకుని అన్నం వ్యాన్ గుమ్మం ముందుకొస్తుంది.

"వీడు బియ్యం మూట ఎత్తుకపోయి జైలు పాలయిండు. మొన్ననే ఇడిసిన్రు," అంది ఈదమ్మ. "ఆకలికి మళ్ల లోపలికి పోవద్దు. నాకు గంతే కావాలె."

"పోడమ్మా. అది నా హామీ."

వ్యాన్ వచ్చింది. వేడన్నం, పప్పుచారు. ఈదమ్మ ఇల్లిల్లూ తిరిగి తన చేత్తోనే పట్టీలు కట్టింది.

శనివారం ఎల్లేశు ఒక్కపొద్దు. బయటపడితే శనివారాలు పొద్దుగూకేదాకా మెతుకు ముట్టనని జైల్లో మొక్కుకున్నాడు. మధ్యాహ్నానికి పట్టీ ఎర్రబడింది.

"వ్యానొస్తే ఎనక్కి పంపు అవ్వా. కుండల అన్నముంది గద, పొద్దుగూకినంక తింట," అని నవ్వాడు.

వచ్చింది పోలీసు వ్యాన్.

"ఏం జేసిండు సారూ?"

"ఇంకా ఏం చెయ్యలేదు," అన్నాడు ఎస్సై. "పాత దొంగ, ఆకలి మీదున్నాడు. చేసేలోపే లోపలెయ్యమని కంప్యూటర్ చెప్పింది."

"ఒక్కపొద్దున్నడు సారూ! ఇగో, అన్నం చూడు!" కుండ మూత తీసి పట్టింది. ఎస్సై అటువైపు చూడనైనా చూడలేదు.

ఈదమ్మ ల్యాబ్‌కు పరిగెత్తింది. నిరుపమ తల వంచుకుంది.

"సిగ్నల్ పోలీసులకూ ఇస్తేనే ప్రభుత్వం ఒప్పుకుంటానందమ్మా. నేరాలు తగ్గుతాయంటే..."

"గిది నీకు ముందే ఎరుకనా?"

నిరుపమ టేబుల్ మీది పట్టీలను పక్కకు సర్దింది.

"లాఠీ పట్టుకొచ్చినోణ్ని నేను ఆమడ దూరంలనే గుర్తువడుత మేడమ్. నువ్వు అన్నం పట్టుకొచ్చినవ్. నా చేతులతోనే కట్టించినవ్!"

పట్టీ విప్పడం కూడా నేరమే అన్నారు. పోలీసు వ్యాన్ ఇంకెవరి గుమ్మానికి వస్తుందోనని బస్తీ ఇంకో దారి కనిపెట్టింది. కడుపు కాలినప్పుడల్లా బుగ్గన బెల్లం ముక్క. దీపం చల్లగా ఆకుపచ్చగా ఉంటుంది. కొన్నాళ్లకు రాళ్లబస్తీలో ఆకలే లేదని ప్రభుత్వం ప్రకటించింది, అన్నం వ్యాన్ ఆపేసింది. నిరుపమకు శాలువా కప్పారు.

జైలు ములాఖత్‌లో ఎల్లేశు ఇనుప జాలీ అవతలి నుంచి చెయ్యి చూపించాడు. పట్టీ ఆకుపచ్చగా వెలుగుతోంది.

"ఈడ మూడు పూటల పెడుతున్నరవ్వా. దీపం ఎర్రబడితే వాళ్లకు మాటొస్తదని ఒక్కపొద్దు గూడ ఉండనిస్తలేరు. నువ్వు తిన్నవా?"

ఈదమ్మ నోట్లో బెల్లం ముక్కను ఇంకో బుగ్గకు జరుపుకుని, తన మణికట్టు ఎత్తి చూపించింది.

"తిన్న బిడ్డా. చూడు, పచ్చగనే ఉన్నది."