ఎనిమిదో నంబరు కషాయం

"వారం టైమిస్తున్నాను యిప్. ఎనిమిదో రోజు నాకు సంజాయిషీలు వినిపించకు."

సెక్షన్ చీఫ్ ఖామ్ ఒక ఫోటోని బల్ల మీద ఇటు తోశాడు. తెల్ల పింగాణీ పళ్ళెం. అందులో నల్లగా ఎండిపోయిన వేళ్ళూ, బెరడు ముక్కలూ. హాంకాంగ్‌లో ఒక ల్యాబులో, పెన్నులో దాచిన కెమెరాతో తీసిన ఫోటో అది.

గ్వాంగ్‌జౌలో ఆ మూడంతస్తుల మేడకి టీ ఎగుమతుల ఆఫీసని బోర్డుంది. 1984లో ఆ బోర్డు నమ్మి లోపలికొచ్చి టీ ధర అడిగిన అమాయకులు కూడా లేకపోలేదు. వాళ్ళకి ధర చెప్పి పంపించేవాళ్ళు. ఏడో నంబరు గదిలో మాత్రం టీ మాటెత్తేవాడు లేడు.

"ఇదేమిటో పోల్చావా?"

"ఎనిమిదో నంబరు," అన్నాడు ఏజెంట్ యిప్ జాయ్‌సన్.

డాక్టర్ మూయ్ కనిపెట్టిన ఎనిమిదో నంబరు కషాయం క్యాన్సర్ గడ్డని కరిగిస్తుందని ఊరూవాడా నమ్మకం. ఫార్ములా స్టేట్ సీక్రెట్. ఉన్నది ఒకే ఒక్క కాగితం, అది ఖామ్ వీపు వెనక ఇనప్పెట్టెలో ఉంది. మామూలు రోగులకి క్లినిక్‌లోనే కాచి సీసాల్లో పోసిస్తారు. కాచుకోవడానికి పొట్లాలు ఇచ్చేది ఆఫీసు వాళ్ళ ఇళ్ళు ఎనిమిదింటికే. అందులో యిప్ ఇల్లొకటి. చీటీ రాసిచ్చింది ఖామే.

"సముద్రం అవతలి కంపెనీ ఒకటి దీన్ని వండి దేశదేశాలా అమ్మబోతోంది. ఆఖరి శాంపిల్ ఈ వారంలో దాటుతుంది. దాటించేది వివియన్ లో."

"ఆవిడ మన ఏజెంటు కదా సార్?"

"మన ఏజెంటే. వాళ్ళ ఏజెంటు కూడా. ఎవరికెంత పాలో ఆవిడకే తెలియాలి."

"మందు బయటికిస్తున్నదెవరు?"

"అది కనుక్కోడానికేగా నువ్వున్నది! కాగితం కదల్లేదు, మందు మాత్రం కదిలిపోతోంది. ఇంటి దొంగ ఎవడో ఉన్నాడు. పట్టుకో. ఇంకో మాట. వాళ్ళ దగ్గర కాగితాలేవైనా దొరికితే చదవకు. సీలు వేసి నా చేతికియ్యి."

యిప్ లేచాడు. ఖామ్ కిటికీవైపు చూస్తూ అడిగాడు. "మీ ఆవిడకెలా ఉంది?"

"తేలిగ్గా ఉంది సార్. అంతా మీ దయ."

ఖామ్ ఫోటోని సొరుగులో పడేశాడు.

యిప్ భార్య లైక్యూన్‌కి ముక్కులోంచి నెత్తురు, మెడ కింద చింతగింజంత గడ్డ. ముక్కు వెనక పుట్టే క్యాన్సర్, ఆ ఊళ్ళో ప్రతి వీధిలోనూ వినపడే జబ్బే. వసంతంలో, పెద్దల సమాధులు తుడిచే పండగ వారంలో, రేడియేషన్ ఆసుపత్రిలో బెడ్ దొరికింది. వదులుకున్నారు. "కరెంటు పెట్టి మొహం మాడ్చేస్తారట. సర్కారు దాచుకునే మందు గుమ్మంలోకొస్తుంటే ఆసుపత్రి దేనికి అల్లుడూ?" అంది అత్తగారు. ఉత్త మందైతే ఇనప్పెట్టెలో ఎందుకు పెడతారని యిప్ కూడా అనుకున్నాడు. రహస్యాలు అమ్ముకు తినేవాడికి కూడా రహస్యమంటే అంత భక్తి ఉండదు.

ఆరు నెలలు కషాయం తాగాక లైక్యూన్‌కి నొప్పి తగ్గింది, ఆకలి పుట్టింది, బుగ్గలొచ్చాయి. ఇంటిల్లిపాదీ సంబరపడ్డారు.

తెల్లవారుజామున మట్టికుండ దించగానే అత్తగారు పిప్పి పిండి యిప్ చేతికిస్తుంది. "నాలుగు దార్ల కూడలిలో పోసిరా. నలుగురూ తొక్కితే జబ్బు వాళ్ళ కాళ్ళతో వెళ్ళిపోతుంది."

"నేను పార్టీ మెంబర్ని అత్తయ్యా. ఎవరైనా చూస్తే..."

"పార్టీ వచ్చి కషాయం కాస్తుందా? నడు!"

అతను నడిచేవాడు. అటూ ఇటూ చూసి, గబుక్కున పోసి వచ్చేవాడు.

నాలుగు రోజులు యిప్ వివియన్ వెంట తిరిగాడు. ఒకరోజు సైకిళ్ళకి గాలి కొట్టేవాడు, ఒకరోజు పాములమ్మేవాడు, ఒకరోజు కళ్ళు లేని జోస్యుడు. వివియన్‌ది మాత్రం ఒకటే వేషం, హాంకాంగ్ పట్టు గౌను, నల్లకళ్ళద్దాలు. మూలికల బజారంతా తల తిప్పి చూసేది. నాలుగో రోజు ఆవిడ ఒక వీధులూడ్చే ముసలమ్మ చేతిలోంచి గుడ్డసంచీ అందుకుని, ఒక విదేశీ సిగరెట్ పెట్టె ఇచ్చింది.

ఐదో రోజు యిప్ పిప్పి పోసి రావడం ఆలస్యం, టోపీ ముక్కు మీదికి లాక్కుని ముసలమ్మ వెంటపడ్డాడు. ఆవిడ మూడు వీధులు ఊడ్చింది. దారిలో రెండు మూడు చోట్ల ఎవరెవరివో పిప్పి కుప్పలున్నాయి. వాటిని చీపురుతో పక్కకి నెట్టేసింది. నాలుగు దార్ల కూడలిలో ఆగింది. గొంతుక్కూర్చుని, చాప్‌స్టిక్స్‌తో ఒక్కో ముక్కా ఏరి సంచీలో వేసుకోసాగింది.

అది యిప్ ఇప్పుడే పోసిన పిప్పి.

చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే.

"ఇదెవరిది అవ్వా?" అన్నాడు.

"ఎవరో పెద్దాఫీసరుది బాబూ. పొడుగ్గా ఉంటాడు. దొంగపిల్లిలా వచ్చి పోసి పారిపోతాడు. పెళ్ళాం కోసం చేసేదానికి సిగ్గెందుకో! అచ్చం నీలాగే..." టోపీ కిందకి తొంగిచూసి నాలిక కరుచుకుంది. "అయ్యో నా తల్లీ! నువ్వే!"

"రోజూ ఆ హాంకాంగ్ ఆవిడకేనా?"

"ఆవిడకి నిన్నటితో సరి. ఎనిమిదిన్నర రైలుకి పోతోందంట. ఇది మా ముసలాయనకి. ఆయనకీ పొట్టలో గడ్డుంది. పెద్దోళ్ళ మందు కదా బాబూ, పిప్పిలోనైనా కాస్త పస ఉండకపోతుందా? మళ్ళీ కాచి పోస్తా."

యిప్‌కి ఆవిణ్ణి అరెస్టు చేయడానికి చెయ్యి రాలేదు.

ఎనిమిదీ ఇరవై. స్టేషన్‌లో వేడినీళ్ళు పోసేవాడి తెల్లకోటు, ఇత్తడి కెటిల్ లాక్కుని యిప్ వెయిటింగ్ రూములోకి వెళ్ళాడు. వివియన్ ఒక్కతే కూర్చుని ఉంది.

"అల్లం ముదిరిందా?" కోడ్ వర్డ్ అడిగాడు.

"ముదిరినకొద్దీ ఘాటే," అని నవ్వింది. "కెటిల్ నీకు బాగా నప్పింది యిప్. అరెస్టా?"

"పిప్పి నాదని నీకెలా తెలుసు?"

"ఎనిమిదిళ్ళకి పొట్లాలిచ్చారు. ఏడిళ్ళవాళ్ళు పిప్పి కాలవలో పారబోశారు. అత్తగారి మాట జవదాటని అల్లుడివి నువ్వొక్కడివే." హ్యాండ్‌బ్యాగ్‌లోంచి మడత కాగితం తీసింది. నవ్వు పోయింది. "ల్యాబ్ రిపోర్ట్. చదువు."

"చదవకూడదు."

"అయితే విను. పదకొండు మూలికలు. గొంతుకి మంచివి, ఆకలికి మంచివి. గడ్డకి వాటితో పనిలేదు. పన్నెండోది మూలిక కాదు, తెల్లపొడి. నొప్పి మాత్రలూ, స్టెరాయిడ్ మాత్రలూ కలిపి నూరారు. ఏది ఎంతో తేల్చుకోడానికే ఈ ఆఖరి శాంపిల్. మా కంపెనీ కూడా అదే పొడి అమ్ముతుంది. వాళ్ళకి గడ్డ కరగక్కర్లేదు, నొప్పి ఆగితే చాలు, జనం మళ్ళీ వచ్చి కొంటారు."

"అబద్ధం. మా ఆవిడ కోలుకుంది. ఒళ్ళు చేసింది."

"మొన్న కూరగాయల బజార్లో చూశాను మీ ఆవిణ్ణి. మొహం గుండ్రంగా నిండు చందమామలా ఉంది. వాపు చూసి బలుపనుకుంటున్నావు యిప్. అది స్టెరాయిడ్ వాపు." కాగితం అతని కోటు జేబులో కుక్కింది. "నేను అందరికీ అన్నీ అమ్ముతాను. ఇది ఊరికే ఇస్తున్నాను. నన్ను పోనీ."

ఆరు నెలలు! గిన్నె చేతికిచ్చి, తాగేదాకా పక్కన నిలబడిన ఆరు నెలలు!

గార్డు మొదటి విజిల్ వేశాడు.

"శాంపిల్ ఏది?" అరిచాడు యిప్.

"మూడో పెట్టె. కంపెనీ తెల్లసూటు దొర దగ్గర. టీ డబ్బాలో ఉంది." వివియన్ కళ్ళద్దాలు పెట్టుకుంది.

యిప్ పరుగెత్తాడు. మూడో పెట్టెలో దొర డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఎదురుగా కస్టమ్స్ ఆఫీసర్ స్టాంపు వేస్తున్నాడు. "టీ, ఒక డబ్బా. ఓకే."

"వేడినీళ్ళు సార్!" యిప్ ఒక్క ఉదుటున డబ్బా లాక్కుని, మూత పీకి, లోపలున్నదంతా మరిగే కెటిల్లో కుమ్మరించాడు. పదకొండు దినుసులూ, పన్నెండో పొడీ బుడబుడమన్నాయి.

దొర లేచి నిలబడ్డాడు. నోరు తెరిచాడు. కస్టమ్స్ ఆఫీసర్ వైపు చూసి మూసుకున్నాడు. టీ అని రాసిచ్చిన కాగితం మీద తన సంతకమే ఉంది మరి.

"తాగండి సార్, మీ టీయే," అని కప్పు నింపి, కదులుతున్న రైల్లోంచి కెటిల్‌తో సహా దూకేశాడు యిప్. వివియన్ మొదటి పెట్టె కిటికీలోంచి చెయ్యి ఊపుతోంది. అతను చూడలేదు. మోకాలు చీరుకుపోయింది. ప్లాట్‌ఫారం మీద కూర్చుని, జేబులోని కాగితం తీసి, అక్షరం అక్షరం చదివాడు.

ఏడో నంబరు గదిలో ఖామ్ అంతా విన్నాడు.

"ఇంటి దొంగ?"

"నేనే సార్." పిప్పి సంగతి చెప్పాడు.

"ఆ మాట ఈ గది దాటనివ్వకు. మందు దేశం దాటలేదు, అంతే. కాగితాలేమైనా దొరికాయా?"

"లేదు సార్," అన్నాడు యిప్. పదకొండేళ్ళ సర్వీసులో ఖామ్‌కి చెప్పిన మొదటి అబద్ధం అదే.

ఇంట్లో లైక్యూన్ కషాయం గిన్నె ఎత్తబోతోంది. యిప్ గిన్నె లాక్కుని తూములో పోసేశాడు.

"పిచ్చెక్కిందా?"

"ఇది మందు కాదు. పద, రేడియేషన్ ఆసుపత్రికి."

"ఎవరు చెప్పారు?"

అతను ఆమె చెప్పులు తెచ్చి ముందు పెట్టాడు.

"పెళ్ళైనప్పట్నించీ టీ తూస్తున్నానంటావు. ఒక్కరోజైనా నీ చొక్కాకి టీ వాసన లేదు. అడిగానా? అడగలేదు. ఇవాళ మందు కాదంటున్నావు. నీ మాటల్లో దేన్ని నమ్మమంటావు, చెప్పు!"

యిప్ కాగితం ఆమె చేతిలో పెట్టాడు. తనెవరో చెప్పాడు. అదొక్కటే చాలు, అతన్ని పదేళ్ళు జైల్లో పెట్టడానికి. లైక్యూన్ రెండుసార్లు చదివింది. తన బుగ్గల్ని తనే వేళ్ళతో నొక్కి చూసుకుంది. తర్వాత లేచి చెప్పులు వేసుకుంది.

ఆసుపత్రిలో యువ డాక్టరు ఆమె మెడ తడిమాడు. చింతగింజ ఇప్పుడు వక్కంతైంది, పక్కన ఇంకో రెండు పుట్టాయి. "వసంతంలో బెడ్ ఇచ్చాం కదమ్మా! అప్పుడొచ్చుంటే ధైర్యం చెప్పేవాణ్ణి. ఇప్పుడు సగం సగం. రేడియేషన్ పెట్టిద్దాం, లైన్లో కూర్చోండి."

రేడియేషన్ గది ముందు పొడుగాటి బెంచీ. దానిమీద ఒక ముసలావిడ, మెడ మీద రేడియేషన్ కోసం గీసిన గీతలతో. ఆవిడ చెయ్యి పట్టుకుని సెక్షన్ చీఫ్ ఖామ్ కూర్చున్నాడు.

ఇద్దరూ ఒకర్నొకరు చూసుకున్నారు. ఇనప్పెట్టె తాళం ఎవరి దగ్గరుంటుందో యిప్‌కి అప్పుడు గుర్తొచ్చింది.

"నీకెవరు చెప్పారు?" ఖామ్ గొంతు తగ్గించి అడిగాడు.

"మీకెవరు చెప్పారు సార్?" అన్నాడు యిప్. "మీ అమ్మగారికి ఎన్నో వారం?"

"ఐదో వారం." ఖామ్ తల దించుకున్నాడు. "నోరు విప్పడానికి లేదు యిప్. అది స్టేట్ సీక్రెట్."

"చీటీ రాయడానికి ఉందా సార్?"

నర్సు పిలిస్తే ఖామ్ తల్లిని లేవదీశాడు. రెండడుగులు వేసి, ఏదో ఒకటి అనాలి కాబట్టి వెనక్కి తిరిగాడు. "నీకు మెడల్ వస్తోంది. వచ్చే నెల. తెల్లచొక్కా వేసుకురా."

తలుపు మూసుకుంది. లైక్యూన్ ఖాళీ అయిన చోట కూర్చుంది.

"మెడలా? దేనికి?"

ఇక దాచేదేముంది? "నీ మందుని దేశం దాటకుండా కాపాడినందుకు."

లైక్యూన్ అతనివైపు తిరిగింది. "దేశం దాటకుండా కాపాడావు, సరే. మన గడప దాటి లోపలికి రాకుండా కాపాడుంటే నేనే ఇచ్చేదాన్ని కదయ్యా మెడల్!"