తొమ్మిదో నంబరు సైటు

ఆ క్యాంప్‌గ్రౌండ్‌ని ఎంచింది నేనే.

కెనడాలో, బర్నబీలో కిరీటి అన్న వాళ్ళ అపార్ట్‌మెంట్. ఆదివారం మధ్యాహ్నం. ఆయన భార్య మృదుల వదిన ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని ఒక్కో ఫొటో చూపిస్తోంది. అద్దెకు ఆర్వీ మాట్లాడుకున్నాం. పడక, పొయ్యి, హీటర్ అన్నీ ఉన్న బండి అది. దాన్ని ఎక్కడ ఆపుకోవాలన్నదే తేలాలి.

"వేడినీళ్ళ షవర్లుంటే చాలు. మిగతాది మీ ఇష్టం," అంది వదిన.

"నది పక్కన మాత్రం వద్దు," అన్నాడు కిరీటి అన్న వంటింట్లోంచి.

ఎందుకో మా ముగ్గురికీ తెలుసు. మూడేళ్ళ కిందట ఆయనా, ఆయన స్నేహితుడైన మా అన్నయ్య శేషగిరీ కొండల్లోకి క్యాంపింగుకి వెళ్ళారు. ఈయనొక్కడే తిరిగొచ్చాడు. శేషగిరి చీకట్లో కాలుజారి నదిలో పడుంటాడనీ, తను ఆర్వీలో నిద్రపోయాననీ, తనకేమీ వినపడలేదనీ పోలీసులకు చెప్పాడు. తర్వాత నన్ను సొంత చెల్లెలిలా చూసుకున్నాడు. యూనివర్సిటీకి దగ్గర్లో గది వెతికిపెట్టాడు. మంచులో నడవడానికి బూట్లు కొనిచ్చాడు. నేను ఆయన్ని నమ్మాను.

ఈ వేసవిలో అన్నయ్య చావు మీద విచారణ రిపోర్టు తెప్పించుకుని చదివేదాకా నమ్మాను. అందులో ఒక మూల చిన్న వాక్యం ఉంది. కుడిచేతి గోళ్ళు విరిగి ఉన్నాయి, వాటి కింద నల్ల రబ్బరు ముక్కలున్నాయి, ఎక్కడివో తెలియలేదు అని.

నదిలో రబ్బరు ఎక్కడిది?

ఆర్వీలు అద్దెకిచ్చే చోటికి వెళ్ళినప్పుడు ఒక బండి తలుపు చుట్టూ వేలు పెట్టి తడిమాను. చలిగాలి చొరబడకుండా అంచంతా నల్ల రబ్బరు పట్టీ.

"ఇది చూడు వదినా," అన్నాను ఆ ఆదివారం. రెండు నదులు కలిసే చోటు అది. యజమాని మారాడు, పేరు మార్చాడు. ఫొటోలన్నీ కొండవైపువే. నదుల సంగతీ, సాటి మనిషిని చలికి వదిలేసిన వాళ్ళని వెతుక్కుంటూ నదిలోంచి వచ్చే ముసలావిడ కథా పేజీ అడుగున ఎక్కడో ఉన్నాయి. వదినకి నచ్చింది. కిరీటి అన్న తొంగిచూసి తలూపాడు. తొమ్మిదో నంబరు సైటు బుక్ చేశాను. రిపోర్టులో ఉన్న నంబరు అదే.

ఆయన్ని ఏదో చెయ్యాలని కాదు. అక్కడ నిలబెట్టి నిజం చెప్పించాలి. అంతే అనుకున్నాను.

అక్టోబరు మూడో వారం. ఐదు గంటలు డ్రైవ్ చేశాక, చివరి మలుపులో ఆయన కాలు బ్రేకు మీద పడింది. రెండు నదులూ కనిపించాయి. స్టీరింగ్ మీద చేతులు బిగుసుకున్నాయి.

"వాసవీ... ఇది శేషగిరి పోయిన చోటమ్మా."

"తెలుసన్నా. ఒక్కసారి చూడాలనిపించింది. నువ్వు తోడుంటే ధైర్యం. చెబితే రావని చెప్పలేదు."

వదిన కళ్ళు తుడుచుకుని నా భుజం మీద చెయ్యి వేసింది. ఇక ఆయన వెనక్కి తిప్పలేకపోయాడు.

సీజన్ అయిపోయింది. మా బండి తప్ప ఇంకోటి లేదు. నాలుగున్నరకే పొద్దు కొండ వెనక్కి దిగింది. నది మీంచి పొగమంచు లేచి దేవదారు చెట్ల మొదళ్ళ చుట్టూ పాకింది. ఒక నది రాళ్ళ మీద గలగలమంటోంది. రెండోది లోతుగా, గొంతులోనే మూలుగుతున్నట్టు పారుతోంది. గాలి తిరిగినప్పుడల్లా కుళ్ళిన వాసన. గుడ్లు పెట్టి చచ్చిపోయిన సాల్మన్ చేపలు గట్టంతా పడి ఉన్నాయి.

వదిన తువ్వాలు తీసుకుని షవర్ల వైపు వెళ్ళింది. కిరీటి అన్న లోపల టీ కాస్తున్నాడు. నేను తలుపు మూసి, తాళంచెవి జేబులో వేసుకుని అడిగాను.

"అన్నయ్య గోళ్ళ కింద ఇలాంటి తలుపు రబ్బరు ఎలా వచ్చిందన్నా?"

ఆయన చేతిలో కప్పు గిన్నెకి తగిలింది.

అప్పుడు వినిపించింది. తలుపు అడుగు భాగాన... గోళ్ళతో గీకుతున్న చప్పుడు. నెమ్మదిగా. ఒకసారి. ఆగి, మళ్ళీ.

"వదినా?" అన్నాను.

చేపల వాసన లోపలికి వచ్చేసింది.

"కిరీటీ..."

పళ్ళు టకటకలాడుతుంటే వస్తున్న గొంతు. మా నరసరావుపేట యాస. మూడేళ్ళుగా నేను కలల్లో కూడా వినని గొంతు.

"చలిరా... తలుపు తియ్యరా..."

కిరీటి అన్న మోకాళ్ళ మీద కూలబడ్డాడు. "తియ్యకు," అని గుసగుసలాడాడు. "చెల్లీ, నీ కాళ్ళు పట్టుకుంటా, తియ్యకు."

"ఆ రోజు విన్నావు కదూ?"

"విన్నాను." నేల కేసి చూస్తూ చెప్పాడు. "ఈ దేశంలో ఉండిపోవడానికి పెట్టుకున్న నా పీఆర్ ఫైల్లో ఎక్స్‌పీరియన్స్ లెటర్ దొంగదని వాడికి తెలిసిపోయింది. నువ్వే ఒప్పుకో, లేకపోతే నేను చెప్తానన్నాడు. గొడవైంది. కోపంగా నది వైపు వెళ్ళాడు. తడిసి వణుక్కుంటూ తిరిగొచ్చాడు. నేను లోపల గడియ పెట్టుకున్నాను. కాసేపు బుద్ధి చెబుదామనుకున్నా... తర్వాత చప్పుడు ఆగింది. వెళ్ళిపోయాడనుకున్నా. తెల్లారి తలుపు తీస్తే మెట్ల మీదే ఉన్నాడు."

"మరి నదిలో ఎలా దొరికాడు?"

ఆయన ఏడుస్తున్నాడు. "నేనే... ఈడ్చుకెళ్ళాను."

బయట గీకుడు ఆగింది. ఈసారి గొంతు నా చెవి పక్కనే వినిపించింది.

"పాపా. నువ్వు బయటికి రా తల్లీ."

నన్ను పాపా అని పిలిచేది మా అన్నయ్య ఒక్కడే.

తలుపు తీసి దిగాను. ఎవరూ లేరు. పొగమంచు. నీళ్ళ చప్పుడు. వెనక తలుపు దానంతటదే మూసుకుంది. తాళం పడింది.

తాళంచెవి నా జేబులో ఉంది.

"వాసవీ! గడియ కదలట్లేదు, తలుపు తియ్యమ్మా!" లోపల దబదబా బాదుతున్నాడు. "కాళ్ళు... కాళ్ళు మొద్దుబారిపోతున్నాయి... ఇక్కడెవరో..."

కిటికీ అద్దానికి అతని అరచెయ్యి ఆనింది. దాని చుట్టూ అద్దం తెల్లబడుతోంది. లోపలి వైపు నుంచి మంచు పేరుకుంటోంది.

తాళంచెవి తీసి చేత్తో పట్టుకున్నాను. రెండడుగులు వేస్తే చాలు. నా కాళ్ళని ఎవరూ పట్టుకోలేదు. ఆ మాట మీకు చెప్పాలి. ఎవరూ పట్టుకోలేదు.

"నేను నిద్రపోతున్నానన్నా," అన్నాను. "నాకేమీ వినపడట్లేదు."

బాదుడు నెమ్మదించింది. తర్వాత గోళ్ళ చప్పుడు. తర్వాత అదీ లేదు.

అప్పుడు వెళ్ళి తాళం తీశాను. లోపల వెచ్చగా ఉంది. హీటర్ తిరుగుతూనే ఉంది. టీ ఇంకా పొగలు కక్కుతోంది. గడప దగ్గర మనిషి ముడుచుకుని పడి ఉన్నాడు. కనురెప్పల మీద మంచు.

వదిన వచ్చి చూసి పెట్టిన కేక ఆ కొండల్లో చాలాసేపు తిరిగింది.

చలికి గుండె ఆగిపోయిందన్నారు. అంత వెచ్చని చోట ఎలా జరిగిందో ఎవరూ చెప్పలేకపోయారు. నది చూస్తూ బయట నిలబడ్డాను, నాకేమీ తెలియదు అని పోలీసులకు చెప్పాను. నమ్మారు. నిజం చెప్పాలంటే, మూడేళ్ళ తర్వాత ఆ వారమే నాకు కంటినిండా నిద్ర పట్టింది.

వదిన ఓక్‌విల్‌లో వాళ్ళ అక్క ఇంటికి వెళ్ళిపోయింది. నిన్న మధ్యాహ్నం ఫోన్ చేసింది. గొంతులో కోపం లేదు. భయం ఉంది.

"వాసవీ, పోలీసులకు ఒకటి చెప్పలేదు. షవర్ల మెట్ల మీంచి నిన్ను చూశాను. ఎవరితోనో మాట్లాడుతున్నావు కదా అని తొందరపడలేదు. నీ కుడిపక్కన ఉన్నది శేషగిరి. తర్వాత ఫొటోలు చూసి పోల్చుకున్నాను. తలుపు కేసే చూస్తున్నాడు."

నా కుడిపక్కకి తిరిగి చూశాను.

"ఎడమపక్కన ఆవిడెవరు?"

"ఏ ఆవిడ?"

"తెల్లజుట్టావిడ. ఒళ్ళంతా తడి. ఆవిడ తలుపు కేసి చూడలేదు వాసవీ." వదిన గొంతు తగ్గించింది. "నీ చెయ్యి పట్టుకుని... నీ మొహంలోకే చూస్తోంది."