అన్ని నీలాలూ ఒకటి కావు

"నీలం అడిగితే ఆకుపచ్చ ఇచ్చారేంటండీ?"

పెయింటర్ డబ్బాను కౌంటరు మీద ఠక్కున పెట్టాడు. జుట్టు నిండా సున్నం దుమ్ము, చేతిలో గోడ నుంచి ఊడదీసిన పెచ్చు.

రంగులు కలిపే అమ్మాయి మీద ఆ పెయింట్ల కొట్లో ఫిర్యాదు రావడం అదే మొదలు. పాత గోడ పెచ్చు ఒక్కటి చూపిస్తే చాలు, మెషీన్‌కు అందని తేడా కూడా ఆమె కంటికి దొరికిపోతుంది. రంగు కలిపి, అట్టముక్క మీద పూసి, హెయిర్ డ్రయ్యర్‌తో ఆరబెట్టి, గుమ్మంలో పగటి వెలుగులో చూస్తేగానీ డబ్బా మూత వేయదు.

"అది ఆకుపచ్చ కాదు. ఓసారి కళ్ళు చూపించుకోండి," అంది.

"నా కళ్ళకేం, లక్షణంగా ఉన్నాయి. స్కూల్లో మెట్ల పక్క గోడంతా ఒక రంగు, మధ్యలో నేనేసిన అతుకులు ఇంకో రంగు. పిల్లలు మ్యాపనుకుని దేశాల పేర్లు చెబుతున్నారండీ!"

ఆమె నవ్వాపుకుంటూ మళ్ళీ కలిపి ఇచ్చింది. అతను మర్నాడు మళ్ళీ వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు. కొట్టు యజమాని ఆమె బాబాయే. "అమ్మాయ్, నీ కంప్లయింట్ వచ్చాడు!" అని వీధిలోకి వినబడేలా పిలిచేవాడు. ఆమె చెంపలు ఎర్రబడేవి.

నాలుగోసారి వానను వెంటబెట్టుకుని వచ్చాడు. చూరు కింద నిలబడి, తల తుడుచుకుంటూ ఆమె చేతులనే చూస్తున్నాడు.

"ఒకటి అడగనా? మీరు ఈ పెచ్చు వంక చూడకుండానే కలుపుతున్నారు కదూ?"

కలుపుతున్న పుల్ల ఆగిపోయింది.

"వెలుగు చాల్లేదు, అంతే," అంది.

అది అబద్ధం. ఆరేళ్ళ కిందట ఆసుపత్రిలో అమ్మ మంచం చుట్టూ నీలం తెర ఉండేది. నర్సు ఒకసారి ఆ తెర లాగింది. మళ్ళీ తీసేసరికి అమ్మ లేదు. మొదట్లో ఆ తెర గుర్తొస్తేనే వణుకు పుట్టేది. తర్వాత నీలం దుప్పటి, నీలం బస్సు, పక్కింటి నీలం తలుపు. ఈ మధ్యనైతే నీలం ఏదైనా సరే, దగ్గరికొస్తే ఎవరో వెళ్ళిపోతున్నారనిపిస్తుంది.

ఆ శనివారం పెయింటర్ డబ్బా లేకుండా వచ్చాడు. తల దువ్వుకున్నాడు. ఇస్త్రీ మడత నలగని కొత్త చొక్కా వేసుకున్నాడు. ఆ చొక్కా నీలం.

"పెయింట్ పని కాదండీ. మీతో ఒక మాట..."

ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది. "ఇక మీరు రాకండి. వేరే కొట్టు చూసుకోండి."

అతను "అలాగేలెండి," అని వెళ్ళిపోయాడు.

వారమైంది, రాలేదు. ఆదివారం మధ్యాహ్నం ఆమె అక్క దగ్గర బయటపడింది.

"ఆ రోజు తెర దగ్గర నువ్వూ ఉన్నావుగా అక్కా. నీకు భయం లేదా?"

"ఎందుకు లేదే? ఆ ఆసుపత్రి వీధిలోకి ఇప్పటికీ నా కాళ్ళు పోవు. కానీ నా భయం ఆ వీధి దాటి రాదు. నీ సంగతి వేరు. చిన్నప్పుడే తలుపు గడియ మూడుసార్లు చూసి గానీ పడుకునేదానివి కాదు. నీ భయం కాగితం మీద నూనె చుక్కే తల్లీ, పడ్డచోట ఉండదు, పాకుతుంది. పాము కరిచినవాడు తాడును చూసి జడుసుకుంటాడు. నువ్వు నీ జడను చూసుకుని కూడా జడుసుకునే రకం!"

"మరేం చెయ్యను?"

"నన్నడుగుతావేంటి పిచ్చిదానా? రెండు రంగుల మధ్య వెంట్రుకవాసి తేడా పట్టేది నువ్వా, నేనా?"

సోమవారం కొట్టు తెరవగానే ఆమె ఆ తెర రంగు కలపడానికి కూర్చుంది. తెలుపు, నీలం, కాస్త నలుపు. రెండుసార్లు లేచి మంచినీళ్ళు తాగింది. ఒకసారి పెరట్లోకి వెళ్ళి ఏడ్చి వచ్చింది. చివరికి అచ్చంగా అదే రంగు దిగింది. తర్వాత చొక్కా రంగు కలిపింది. చూసింది అరనిమిషమే అయినా కన్ను మరిచిపోలేదు. రెండు అట్టముక్కలనూ ఆరబెట్టి గుమ్మంలో పక్కపక్కన పెట్టింది.

తెర నీలంలో బూడిద ఉంది. చొక్కా నీలంలో పసుపు చుక్క ఉంది. రెండూ దూరపు చుట్టాలు కూడా కావు.

అప్పుడు అతను కౌంటరు మీద వదిలేసి వెళ్ళిన గోడ పెచ్చు తీసి, మొదటిసారి దాన్ని కళ్ళారా చూస్తూ రంగు కలిపింది. డబ్బా పట్టుకుని స్కూలుకు నడిచింది.

అతను నిచ్చెన మీదున్నాడు. "రావద్దన్నారుగా! ఇప్పుడు మీరే వచ్చారేంటి?"

"మీ చొక్కా వల్ల రావద్దన్నాను."

"చొక్కా వల్లా? దాని కోసం మూడు కొట్లు తిరిగానండీ!"

ఆమె ఊపిరి తీసుకోకుండా అంతా చెప్పేసింది. అమ్మ, తెర, బస్సు, తలుపు. వింటూ అతను ఒక్కో మెట్టూ దిగి ఎదురుగా నిలబడ్డాడు.

"ఇప్పుడు భయం పోయిందా?"

"పోలేదు." డబ్బా కింద పెట్టింది. "అది పోయాక వద్దామంటే ముసలిదాన్నయిపోతాను. ఆ రోజు ఏదో చెప్పబోయారు. వద్దు, చెప్పకండి. ఆగండి... సరే, చెప్పండి."

"మిమ్మల్ని పెళ్ళి చేసుకోవాలని ఉంది," అన్నాడు. "కానీ ఎప్పటికీ వదిలి వెళ్ళనని మాత్రం మాటివ్వలేనండీ. అది ఎవరి చేతిలో ఉంది? రోజూ పొద్దున వెళ్తాను, సాయంత్రం వస్తాను. ఆలస్యమైతే ఫోన్ చేస్తాను. అంతవరకైతే మాటిస్తాను."

ఆమె అడగాలనుకున్నదాని కంటే అది చాలా తక్కువ. కానీ ఆరేళ్ళలో ఆమె నమ్మగలిగిన మాట అదొక్కటే.

"ఎంత ఆలస్యమైతే?"

"పది నిమిషాలు."

"ఐదు."

"ట్రాఫిక్ ఉంటుందండీ!"

"ఐదు," అందామె. ఆమె కళ్ళలో నీళ్ళున్నాయి. పెదాల మీద నవ్వూ ఉంది.

"సరే, ఐదు," అన్నాడతను.