నానబెట్టిన ఆకులు

ఆదివారం పొద్దున్నే కుళాయిల మేస్త్రికి కంపుకే మెలకువ వచ్చింది. వారంలో ఆరు రోజులు పరాయిళ్ల మురుగులో చేతులు పెట్టి బతికేవాడికి ఏడో రోజైనా ముక్కుకి సెలవు దొరకాలి. అతనికి దొరకలేదు. స్నానాలగది మూల నీలం బకెట్, దాని మీద పళ్లెం, ఆ పళ్లెం కింద మూడు వారాలుగా నానుతున్న రాలుటాకులు.

అదంతా అత్తగారి నిర్వాకం. ఆవిడ ముప్పై ఏళ్లు పసిపిల్లల బడిలో టీచరుగా చేసిన మనిషి. కూతురు బేకరీలో పనికి కుదిరాక, ఐదేళ్ల మనవరాలిని చూసుకోవడానికి వచ్చి ఇక్కడే ఉంటోంది. పిల్లని అందరూ పిచ్చుక అంటారు. ఆ అమ్మమ్మా మనవరాలూ కలిస్తే ఇల్లు ఇల్లులా ఉండదు. వానాకాలంలో అట్టల మీద రంగుపొడి చల్లి, చినుకుల కింద పట్టి, వానచేతే బొమ్మలు వేయించారు. ఎండాకాలంలో కుంచె నీళ్లలో ముంచి డాబా మీద ఏనుగుల్ని గీశారు. తోక గీసేలోపు తొండం ఆరిపోయేది. ఇప్పుడు ఆకులు రాలే కాలం.

"అత్తయ్యా, ఆ బకెట్ ఇవాళ పారబోయండి" అన్నాడు మేస్త్రి, టీ గ్లాసు అందుకుంటూ.

"ఇంకొక్క నాలుగు రోజులు బాబూ. బాగా మెత్తబడితే తోలు దానంతటదే వదిలేస్తుంది."

"మూడు వారాల్నుంచీ ఆ నాలుగు రోజులే అంటున్నారు."

"మూత గట్టిగా పెడదాంలెండి" అంది భార్య, పనికి బయల్దేరే హడావుడిలో జడ వేసుకుంటూ.

"మూతకి ఆగే కంపా అది? నిన్న పైవాటావాళ్లు మెట్ల మీద ఆపి, ఏం మేస్త్రీ, నీ ఇంట్లోనే లీకా అని నవ్వారు. తలెక్కడ పెట్టుకోవాలో తెలీలేదు. పిల్లకి నాలుగు అక్షరాలు దిద్దించమంటే అడ్డమైన ఆకులూ ఏరుకొస్తారు."

"అడ్డమైనవి కావు నాన్నా" అంది పిచ్చుక. "నిలువుగా ఉన్నవే ఏరాను."

వేరే రోజైతే నవ్వేవాడే. ఇప్పుడు ఆ మాట పుండు మీద కారంలా తగిలింది. లేచి వెళ్లి, స్నానాలగది తూము మీది జాలీ ఎత్తి, బకెట్ బోర్లించి, పైన రెండు చెంబుల నీళ్లు కొట్టాడు. తూములో వెంట్రుక పడనిచ్చినా ఊరందరినీ గదమాయించే మనిషి అతను.

పిచ్చుక ఏడవలేదు. తూము దగ్గర గొంతుక్కూర్చుని లోపలికి చూస్తూ ఉండిపోయింది. అత్తగారు గదిలోకి వెళ్లి సంచీ దించి చీరలు మడతపెట్టసాగింది.

"నావల్ల మీ ఇంట్లో మాటలు పెరగడం ఎందుకు బాబూ. మధ్యాహ్నం బస్సుకి వెళ్లిపోతాను."

"అమ్మ వెళ్తే నేను పని మానుకోవాలి" అంది భార్య. "ఆ సంగతి ఆలోచించే బకెట్ ఎత్తారా?"

భార్య కాళ్లు కడుక్కోవడానికి వెళ్లి, కుళాయి తిప్పి, పాదాలు మునిగే నీళ్లలో నిలబడి పిలిచింది.

"మేస్త్రిగారూ, మీ ఇంట్లో నీళ్లు పోవడం లేదు."

అతను చొక్కా విప్పి మోకాళ్ల మీద కూర్చున్నాడు. మోచేతి దాకా చెయ్యి దూర్చి, తూము గొంతుకి అడ్డంపడిన ముద్దని పైకి లాగి కుళాయి కింద పట్టాడు. జిగురు జారిపోయింది. ఒక ఆకు విడివడి అరచేతిలో పరుచుకుంది. దానిలోంచి తన చేతి గీతలు కనబడ్డాయి.

నడుమ పెద్ద లైను. దానికి ఇటూ అటూ కొమ్మలు. ఒక్కోటీ ముందుదానికంటే సన్నం. కొమ్మలోంచి రెమ్మ, రెమ్మలోంచి పోగు, చివరికి చూపుకి ఆనని వల. ఎక్కడా అతుకు లేదు. ఒక దారి మూసుకుపోయినా నీరు ఇంకో దారిన చివరి అంచుకి చేరుతుంది. ఇరవై రెండేళ్లుగా పైపులు వేస్తున్నాడు. ఇలాంటి పనితనం తన చేత కాలేదు, మరొకరి చేతిలోనూ చూడలేదు. తడి నేల మీద అలాగే చతికిలబడ్డాడు.

"అత్తయ్యా, ఒక్కసారి ఇలా రండి" అన్నాడు మెల్లగా.

ఆవిడకంటే ముందు పిచ్చుక వచ్చింది. "పైపులు వచ్చేశాయి" అంది, ఎదురుచూస్తున్న చుట్టాలు దిగినట్టు.

"ఏ పైపులు తల్లీ?"

అత్తగారు గుమ్మం దగ్గర ఆగింది. "బడిలో ఎవరి నాన్న పనేంటో చెప్పమన్నారట. మా నాన్న పైపులు వేస్తాడు, కానీ ఎవరికీ కనబడవు అని బెంగపెట్టుకుంది. గోడ పగలగొట్టి చూపించలేను కదా బాబూ. ఆకులోనూ అలాంటివే ఉంటాయి, పైది పోతే కనబడతాయన్నాను. అందుకని నానబెట్టాం."

మేస్త్రి తల వంచుకున్నాడు. చేతులు జిగురుగా ఉండటంతో భుజానికే కళ్లు తుడుచుకున్నాడు.

"తప్పయిపోయింది అత్తయ్యా. ముందు ఆ సంచీ లోపల పెట్టేయండి. తర్వాత వీటినేం చెయ్యాలో చెప్పండి."

ఆవిడ కొంగు దోపుకుని వచ్చి అతని పక్కన కూర్చుంది. పళ్లెంలో నీళ్లు పోయించింది, మెత్తటి బ్రష్షు తెప్పించింది. "వత్తకండి. పసిబిడ్డ తల తుడిచినట్టు తుడవాలి" అంది. రెంచీ పట్టి కాయలు కాసిన వేళ్లు ఊపిరి బిగబట్టి కదిలాయి. మూడు ఆకులు చిరిగాయి. నాలుగోది నిలిచింది. భార్య ఆలస్యమవుతోందని తెలిసీ, చెప్పులు విడిచి వాళ్ల మధ్య కూర్చుండిపోయింది.

పిచ్చుక ఆ ఆకుని కిటికీ వెలుగులోకి ఎత్తి పట్టింది. నలుగురూ దాన్నే చూశారు.

"ఇది నువ్వు వేశావా నాన్నా?"

"లేదమ్మా. నాకింత పని రాదు."

"మరి ఎవరు వేశారు?"

అతను కిటికీ దగ్గరికి జరిగి ఆకుని ఇంకాస్త దగ్గరగా చూశాడు.

సాయంత్రం తండ్రీ కూతురూ బకెట్ పట్టుకుని వీధిలోకి బయల్దేరారు. చెట్లు సగం ఖాళీ అయ్యాయి. గేటు నుంచి మలుపు దాకా ఆకులే. ఇన్నాళ్లూ చూడకుండా తొక్కుకుంటూ తిరిగిన దారి. మేస్త్రి మొదటి మెట్టు మీదే ఆగి చెప్పులు విప్పాడు. ఆకుల సందున ఖాళీ నేల వెతుక్కుంటూ, ఒక్కో అడుగే వేస్తూ, ఇద్దరూ మెల్లగా ముందుకు నడిచారు.