ఎర్తు గుంతకు నీళ్లు

హిందూపురంలో స్టీలు సామాన్ల అంగడి నడిపే అమర్‌నాథ్‌కు ఒక పిచ్చి ఉంది. పాత రేడియోగ్రాములు ఎక్కడున్నా కొనుక్కొచ్చి బాగు చేస్తాడు. అవి చూసినవాళ్లు ఇప్పుడు తక్కువ. బీరువాను అడ్డంగా పడుకోబెట్టినట్టుండే టేకు పెట్టె. లోపల ఒక పక్క రేడియో, ఇంకో పక్క రికార్డులు తిరిగే పళ్లెం, ముందర బట్ట చాటున స్పీకర్లు. అమ్మితే చారాణా రాదు, జరపాలంటే నలుగురు మనుషులు కావాల. పెనుకొండలో అతని ఇంటి ముందుగది నిండా అవే. "పిచ్చి ముదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడంట" అని తమ్ముడు గణేష్ ఎగతాళి చేసేవాడు. మాఘమాసం నుంచి ఆ ఎగతాళి కూడా మానేశాడు.

మాఘంలో అమర్‌నాథ్ భార్య నిఖితకు కాన్పు అయ్యింది. నెలలు నిండిన ఆడపిల్ల. ఊపిరి లేకుండానే పుట్టింది. ఊరి బయట, వాళ్లవాళ్లను పూడ్చే చోటే పూడ్చి వచ్చారు.

ఆ పొద్దు నుంచి నిఖిత ఏడవలేదు, మాట్లాడలేదు. పెడితే తినేది, పిలిస్తే చూసేది, అంతే. అమర్‌నాథ్‌కూ ఏడుపు రాలేదు. తిమ్మిరెక్కిన కాలు మనది కానట్టు ఉంటుంది చూడండి, అతనికి ఒళ్లంతా అట్లా ఉండేది. అంగడికి పోతాడు, గిన్నెలు తూకం వేస్తాడు, సాయంత్రం రైలెక్కి ఇంటికొస్తాడు. అతనికి మిగిలిన కోరిక ఒకటే. నిఖిత ఒక్క మాట మాట్లాడితే చాలు.

ఉగాది పోయాక ధర్మవరంలో ఒక పట్టుచీరల వ్యాపారి ఇంట్లో రేడియోగ్రామ్ ఉందని తెలిసింది. నిఖితది ఆ ఊరే. చిన్నప్పుడు తాత ఇంట్లో అట్లాంటిదాని ముందు కూర్చుని పాటలు వినేదాన్నని పెళ్లయిన కొత్తలో చెప్పింది. పాట విని ఏమైనా కదులుతుందేమోనని ఆశ. పోయి, ట్రాలీ ఆటోలో వేసుకొచ్చాడు.

ఎలుకలు కొరికిన వైర్లు మార్చాడు. ఉబ్బిపోయిన కండెన్సర్లు తీసేశాడు. వాల్వుల కాళ్లు గీకి శుభ్రం చేశాడు. స్విచ్చి వేస్తే వాల్వులు ఎర్రగా వెలిగి, కాలిన దుమ్ము వాసన గదంతా నిండింది. పాట వచ్చింది కానీ దాని కింద గుయ్‌మని ఒకటే మోత. పాత సెట్లకు అదొక రోగం. అతనికి తెలిసిన మందు ఎర్తు. పెరట్లో గుంత తవ్వి, బొగ్గులూ ఉప్పూ పోసి, ఇనుప కడ్డీ దింపి, దానికి కట్టిన వైరు తెచ్చి సెట్టుకు తగిలించాల. మనది ఎండిన నేల కాబట్టి రోజూ సాయంత్రం గుంతలో బిందెడు నీళ్లు పొయ్యాల. లేకుంటే ఎర్తు పట్టదు.

పెనుకొండలో ఎక్కడ తవ్వినా ఏదో ఒక పాత గోడ గడ్డపారకు తగులుతుంది. అతని పెరటి మూలలో మాత్రం ఏదీ తగల్లేదు. మన్ను మెత్తగా, ఎవరో ముందే తవ్వి పూడ్చినట్టుంది. పని సులువైందని సంతోషపడ్డాడే గానీ, కొరివితో తల గోక్కుంటున్నానని అతనికేం తెలుసు?

నీళ్లు పోసి వచ్చి స్విచ్చి వేశాడు. మోత ఆగిపోయింది. కడప రేడియో స్టేషన్ తేటగా పలికింది. పాటకూ పాటకూ మధ్య చిన్న సందు... అందులో ఎవరో ఊపిరి తీశారు. ముక్కు మూసుకుపోయిన పసిబిడ్డ తీసే ఊపిరి.

గోడకు ఆనుకుని కూర్చున్న నిఖిత తలెత్తింది.

"విన్నారా?" అంది.

ఇన్ని నెలలకు మొదటి మాట. ఆ సంతోషంలో, ఏం విన్నావని అమర్‌నాథ్ అడగలేదు. తనకూ వినబడిందని చెప్పలేదు.

మరుసటి రోజు నుంచి గుంతకు నీళ్లు పోసే పని నిఖితే తీసుకుంది. తల దువ్వుకుంది. అడిగి మరీ అన్నం పెట్టించుకుంది. "నీ పెండ్లాం మళ్లీ మనిషైంది కదప్పా, దేవుడు చల్లగా చూసినాడు" అని పక్కింటి గంగక్క గోడ మీది నుంచి అంది. పొద్దు వాలగానే నీళ్లు పోసి, స్పీకర్ బట్టకు చెవి ఆనించి కూర్చునేది నిఖిత. సన్నగా జోలపాట పాడేది. పోయిన బిడ్డే వచ్చిందనుకుంటోందేమో, అనుకోనీ అని ఊరుకున్నాడు అమర్‌నాథ్. ఒక్కోసారి తనకూ అట్లే అనిపించేది.

ఒక సాయంత్రం దుమ్ముగాలి లేచింది. కరెంటు మందగించి వాల్వుల వెలుగు తగ్గింది. స్టేషన్ దూరమైపోయింది. ఉప్పు తడిసిన వాసన పెరట్లోంచి లోపలికొచ్చింది. ఊపిరి ఒక్కటే మిగిలింది. దగ్గరగా... ఇంకా దగ్గరగా...

"అమ్మా..."

నిఖిత కళ్లు మూసుకుంది.

"అమ్మా... దప్పిక..."

నిఖిత లేచి బిందె ఎత్తుకుంది. అమర్‌నాథ్ కదల్లేదు. అతని మొద్దుబారిన బుర్రలో ఒక మాట మెల్లగా తిరిగింది. మా బిడ్డ ఒక్క ఏడుపు కూడా ఏడవలేదే. మాటలు ఎప్పుడు నేర్చింది?

అప్పుడు భయమేసింది. నెలల తర్వాత అతనికి ఒంట్లో తెలిసింది అదొక్కటే.

పెరటి వాకిట్లో ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "నిఖితా... అది మన పాప కాదు."

"తెలుసు" అంది గుసగుసగా.

"ఎప్పటినుంచి?"

"మొదటి రోజే. మన పాప ఊపిరే తీసుకోలేదు కదండి."

"మరి యాలకు పోస్తాండావు నీళ్లు?"

"దప్పిక అంటాంది కదా. నన్ను అమ్మా అన్నది అదొక్కటే."

అతను ఆమెను దాటుకుని పోయి రెండు చేతులా కడ్డీ పట్టి లాగాడు. సులువుగా వచ్చేసింది. కింది నుంచి ఎవరో నెట్టినంత సులువుగా... లోపల సెట్టు మూగబోయింది. వెనకే వచ్చిన నిఖిత బిందె మొత్తం ఆ బొక్కలో వంచింది. బుడగ లేవలేదు. గుటక... గుటక... గుటక. ఆగింది.

గుంత పూడ్చేశాడు. రేడియోగ్రామును హిందూపురం గోడౌనుకు చేర్చేశాడు. నిఖిత మళ్లీ మూగదైపోతుందని భయపడ్డాడు గానీ, కాలేదు. వంట చేస్తోంది, గంగక్కతో కబుర్లు చెబుతోంది, ఒకసారి నవ్వింది కూడా. తను కోరుకున్నది దొరికింది కదా, ఇక ఏమని అడుగుతాడు?

కాకపోతే ఒకటి. బోరు ఎండిపోయి, ట్యాంకర్ నీళ్లతో ఊరు గడుపుతున్న రోజులు. పెరట్లో ఎవరూ చుక్క నీళ్లు పోయడం లేదు. అయినా రోజూ తెల్లారేసరికి నేల మీద కొంత మేర తడి. మొదట పూడ్చిన గుంత మీద. తర్వాత పెరటి వాకిట్లో బట్టలుతికే బండ దగ్గర. తర్వాత గడప ఇవతల. అతను గుడ్డతో తుడిచి అంగడికి పోయేవాడు. ఒంట్లో మళ్లీ ఆ తిమ్మిరే. భయం కూడా మిగల్లేదు.

నిన్న లేచేసరికి తడి మంచం కాళ్ల దగ్గరుంది. నిఖిత ఇంకా నిద్రలోనే ఉంది. అతని పక్కకు బాగా జరిగి, గోడ వైపు కొంచెం చోటు వదిలి, ఆ చోటు మీద చెయ్యి వేసి పడుకుంది. ఆ చెయ్యి పరుపుకు ఆనలేదు. పరుపుకూ చేతికీ మధ్య జానెడు ఖాళీ. చెయ్యి మెల్లగా లేస్తోంది... దిగుతోంది... లేస్తోంది...