ఒదుగుమెట్లు

"ఎవరూ ముట్టుకోవద్దు!" అని డాక్టర్ హైమవతి కేక వేసింది.

తొమ్మిదో మెట్టు మీద సింహాద్రి చక్రాల కుర్చీ ఓ పక్కకి ఒరిగిపోయింది. కింద నిలబడ్డ ఇంజనీర్ ఒకాయన పట్టుకుందామని ఉరకబోయి, ఆ కేకకి ఠక్కున ఆగిపోయాడు. మెట్టు పలకలు గరగరమంటూ జరిగాయి. వాలిన చక్రం కింద చదునుగా పరుచుకుని, కుర్చీని నిలబెట్టి, పైదాకా మోసుకుపోయాయి.

"సూసారా మేడమ్? ఎవడి సెయ్యీ అక్కర్లేదు!" అన్నాడు సింహాద్రి పైనుంచి, ముఖం చేటంత చేసుకుని.

ఆ మాట అనడానికి ఆయన ఇరవయ్యేళ్లు కాచుకున్నాడు మరి. ఓడలు కట్టే యార్డులో ఇనుప పలక తన మీద పడి కాళ్లు రెండూ చచ్చుబడ్డ దగ్గర్నుంచీ, అడక్కుండా కుర్చీ పట్టి లాగేసేవాళ్లే ఎక్కడ చూసినా. బస్సెక్కాలంటే నలుగురు కలిసి బియ్యం బస్తాని విసిరినట్టు విసిరేవారు. పైగా "అయ్యో పాపం" ఒకటి! అది వింటే ఆయనకి ఒళ్లు మండిపోయేది. అందుకే హైమవతి ల్యాబ్‌లో కొత్త మెట్లని పరీక్షించేవాళ్లు కావాలనగానే అందరికన్నా ముందు వెళ్లి కూర్చున్నాడు.

ఇంతకీ ఆ మెట్ల సంగతేమిటంటే, ఒక్కో మెట్టూ వేలెడు వెడల్పు పలకల వరస. ప్రతి పలక కిందా ఒక సెన్సర్, ఒక మోటారు. పైన మోపింది పాదమా, ఊతకర్రా, చక్రమా అని సెన్సర్ పోల్చుకుంటుంది. దాన్నిబట్టి మోటారు మెట్టుని ఎత్తడమో, దించడమో, వాలుగా చెయ్యడమో చేస్తుంది. వచ్చింది ఎవరో బోధపడకపోతే మాత్రం, ప్రమాదం ఎందుకని, మెట్లన్నీ నేలమట్టానికి దిగిపోతాయి. ఎవరు ఎలా కదులుతారో దానికి నేర్పాలంటే వేలసార్లు ఎక్కి దిగాలి. నేర్పేటప్పుడు నియమం ఒకటే, ఎక్కే మనిషిని ఎవరూ తాకకూడదు. తాకితే పైకి చేర్చింది యంత్రమో, మనిషో తేలదు.

ఆ నియమం సింహాద్రికి ప్రాణం. అది అమలవుతున్నంతసేపూ ఆయన భార్య నూకరత్నం అద్దాల గోడ అవతల ఓపిగ్గా కూర్చునేది. షుగరు జబ్బుతో ఆవిడకి చూపు మసకబారి నాలుగేళ్లయింది. బయటికెళ్తే కుర్చీ వెనక పట్టుకుని ఆవిడ తోసేది, "ఎడం పక్క గొయ్యుందే" అని ఆయన చెప్పేవాడు. ఆవిడ చేతికర్ర ఎన్నడూ పట్టలేదు. మొగుడి కుర్చీ ఉండగా కర్రెందుకు? ఈ సంగతి ల్యాబ్‌లో చెప్పాలని సింహాద్రికి తట్టనేలేదు. రత్నం చెయ్యిని ఆయన సాయమని ఏనాడూ అనుకోలేదు, అదీ అసలు విషయం.

యంత్రం నెగ్గింది. ఊళ్లో కంటి ఆసుపత్రిలో ఒదుగుమెట్లు వేశారు. ఇక వీటితో పనేముందని పాత ర్యాంపు పగలగొట్టారు, లిఫ్టు తీసేశారు. గుమ్మంలో పెద్ద బోర్డు, దాని మీద నవ్వుతూ సింహాద్రి ఫొటో, కింద ఆయన సంతకం.

ఆ మెట్లు తెరిచిన రోజే రత్నం కంటి ఆపరేషన్ కూడా అక్కడే, పై అంతస్తులో. ఉదయం పదకొండుకి. ఈ రోజు తప్పితే మిగిలిన ఆ కాస్త చూపూ దక్కదని డాక్టరు తేల్చి చెప్పాడు.

పదిన్నరకి ఇద్దరూ మెట్లెక్కబోయారు. నాలుగు చక్రాలు, వెనక రెండు పాదాలు, తోస్తున్న బరువు. అలాంటి మనిషిని మెట్లు ఎన్నడూ చూసి ఉండలేదు. గరగరమని నేలలోకి దిగిపోయాయి.

"దయచేసి ఒక్కొక్కరుగా రండి" అంది స్పీకరు.

"ఏటయ్యా, ఏటంతంది?" అంది రత్నం.

సింహాద్రి వాచ్‌మన్ వైపు తిరిగాడు. "బాబూ, ర్యాంపెటుంది?"

"ఇంకెక్కడి ర్యాంపు బాబాయ్? మెట్లు భేషుగ్గా ఉన్నాయని సంతకం పెట్టింది తమరే గదా?"

పదిహేను నిమిషాలు బతిమాలాడు. మనుషులు గుమిగూడారు, జాలిపడ్డారు, వెళ్లిపోయారు. ఆఖరికి ఆయనే ముందు ఎక్కేసి పైనుంచి పిలిచాడు. "ఒలే రత్నం! నా గొంతెంట వచ్చీయే. బయం నేదు."

"నువ్వు మాటాడతా ఉండయ్యా. ఆపీకు."

రత్నం ఒక్కతీ కాలు మోపింది. మెట్లు ఆవిడ పాదాలకి ఒదిగి పైకి లేపాయి. ఒకటి, రెండు, ఆరు, తొమ్మిది. పట్టుకోవడానికి ఏమీ లేని చేతులు గాల్లో తడుముకుంటున్నాయి. పదో మెట్టు దగ్గర పక్కకి తూలింది.

"ఎవరన్నా పట్టుకోండి బాబూ! మీకు పున్నెముంటాది, పట్టుకోండి!" అని అరిచాడు సింహాద్రి.

ఒక పుణ్యాత్ముడు పరుగున ఎక్కి ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. నాలుగు కాళ్లు, కలిసిన బరువు. మెట్లకి మళ్లీ బోధపడలేదు. మెల్లగానే దిగాయి, నిజం చెప్పొద్దూ. చూపున్నవాడు కాబట్టి అతను తమాయించుకున్నాడు. కాలి కింద నేల కుంగిపోతోంటే రత్నానికేం తెలుస్తుంది? వెల్లకిలా పడి కిందిదాకా దొర్లింది. తల గుమ్మం రాయికి కొట్టుకుంది. ఆపరేషన్ చెయ్యాల్సిన డాక్టరే కిందికొచ్చి, నాడి చూసి, లేచి నిలబడ్డాడు.

పన్నెండో రోజు హైమవతి సింహాద్రి ఇంటికొచ్చి, గుమ్మంలోనే ఏడ్చేసింది. "తప్పు నాదే సింహాద్రి గారూ. మనుషులు ఒకరినొకరు పట్టుకుని నడుస్తారన్న సంగతే నేను యంత్రానికి నేర్పలేదు."

"పట్టుకోమని అరిసింది నానేనమ్మా" అన్నాడాయన.

పాతదంతా చెరిపేసి మొదటినుంచీ నేర్పుదాం, మీరు రాగలరా అని ఆవిడ అడిగింది. ఇంకో ఇంట్లో ఈ ఏడుపు రాకూడదని ఆయన సరేనన్నాడు. మూడు నెలలు. ల్యాబ్‌లో పనిచేసే మహలక్ష్మి అనే ఆవిడ కుర్చీ వెనక పట్టుకుంటే, వేలసార్లు ఎక్కాడు, దిగాడు. ఒంటరిగా ఎక్కి చూపిద్దామని ఆయనా అనలేదు, ఆయన్ని అడగడానికి ఎవరికీ నోరు రాలేదు. మెట్లు నేర్చుకున్నాయి. బోధపడనప్పుడు కుంగిపోకుండా ఆగడం కూడా.

ఆసుపత్రిలో కొత్త మెట్లు తెరిచిన రోజు, మొదట ఆయనే ఎక్కాలన్నారు. జనం దారిచ్చి నిలబడ్డారు. సింహాద్రి ఒక్కడే కుర్చీ దొర్లించుకుంటూ మొదటి పలక మీదికి వెళ్లాడు.

మెట్లు కదల్లేదు.

"మీతో వచ్చేవారు ఇంకా రాలేదు" అంది స్పీకరు ఎంతో మర్యాదగా. "వారు వచ్చేవరకు ఆగుతాను."

జనం మొహమొహాలు చూసుకున్నారు. హైమవతి తల దించేసుకుంది. వాచ్‌మన్‌కి ఉండబట్టక దగ్గరికొచ్చి, "నేను పట్టుకోనా బాబాయ్?" అన్నాడు.

"వద్దు బాబూ. అది అడుగుతన్నాది నిన్ను కాదు" అన్నాడు సింహాద్రి.